పదకొండు నిమిషాల కొంగు

మూడో మడిపెట్టెలో 'గడప' అన్న పేరుతోనే నలభై ఒక్క ఫైళ్ళు వరసగా కనబడ్డా కుళ్ళాయమ్మ విసుక్కోలేదు. పెద్ద ఆఫీసర్ల పెట్టెలన్నీ ఇంతే. కెమెరాలో కార్డు మారినప్పుడల్లా లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుంది, పేరు మార్చే ఓపిక ఎవరికీ ఉండదు. అలాంటి రెండిటిని చూసుకోకుండా ఒకే అరలోకి తోస్తే రెండోది వెళ్ళి మొదటిదాని మీద కూర్చుంటుంది. ఆ తర్వాత మొదటిది ఎంత వెతికినా దొరకదు. బండను తొలిచి దృశ్యాలు దాచే ఈ శిలాగారంలో పనికి చేరిన ప్రతివాడూ మొదటి ఏడాదిలో ఒక్కసారైనా చేసి, ఒక్కసారైనా ఏడ్చే తప్పు అది. కుళ్ళాయమ్మ మాత్రం పంతొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా చేయలేదు.

ఆమె ఒక్కో 'గడప'నూ తెరిచి మొదటి చట్రం, చివరి చట్రం చూసి, తేదీ పేరులో కలిపి పక్కన పెడుతోంది. కుదింపరులు అంతకంటే ఎక్కువ చూడరు. పన్నెండు పెట్టెలు, ఒక మనిషి ముప్ఫై ఆరేళ్ళ కొలువు, మధ్యాహ్నం మూడింటి లోపల నాలుగు మానికల చోటులోకి దిగాలి. కూర్చుని సినిమా చూస్తే పని అయినట్టే.

బయట వైశాఖం. పెన్నా లోయ పైన ఎర్రబండలు కాలిపోతున్నాయి. కింద నాలుగో అంతస్తులో కుదింపరులు ఉన్ని చొక్కాలు వేసుకుని ముక్కులు తుడుచుకుంటున్నారు. మనుషులు చెమటోడ్చి బతికే చోట పెట్టెలకు మాత్రం చలికాలం కావాలి మరి. వెనకటి తరంవాళ్ళు తిన్న దోసె బొమ్మను కూడా పదహారు చోట్ల దాచుకుని, ఆ పెట్టెల్ని చల్లబరచడానికి నదుల్ని తాగించి పోయారు. వాళ్ళ పుణ్యమా అని ఏకప్రతి చట్టం వచ్చింది. లోకంలో ఏ దృశ్యానికైనా ఒక్కటే ప్రతి. అదీ ఏదో ఒక చిత్రంలో ఇమిడి ఉంటేనే. ఏ చిత్రమూ పిలవని దృశ్యం అనాథ. అనాథలన్నీ బుగ్గి.

ఆ బుగ్గి చేసే ముందు ఏరి పెట్టడమే కుళ్ళాయమ్మ ఉద్యోగం. రాజధానిలో కూర్పరులు చిత్రం కూర్చి జాబితా పంపుతారు, ఫలానా ఫైలులో ఫలానా చోట నుంచి ఇన్ని సెకన్లు అని. ఆమె ఆ ముక్కల్ని పచ్చి సరుకులోంచి కోసి, ప్రతి ముక్కకూ ముందొక కొంగు, వెనకొక కొంగు వదిలి, అన్నిటినీ ఒక్క పెట్టెలోకి దించుతుంది. రేపు ఎవరైనా ఒక షాటును కాస్త ముందుకో వెనక్కో జరపాలంటే ఆ కొంగే ఆధారం. మామూలుగా కొంగు రెండు సెకన్లు. అంతకు తగ్గకూడదని చట్టంలో ఉంది. ఎంతకు మించకూడదో లేదు, 'కూర్పుకు కావలసినంత' అని రాసి వదిలేశారు. సోలెడు చోటు కోసం మనుషులు కొట్టుకునే చోట ఎవడు కావాలని పెద్ద కొంగు వదులుతాడులే అనుకుని ఉంటారు.

ఇవాళ కుదించాల్సింది శిలాగారం అధిపతి శేషఫణి నిండుచిత్రం, ఆయన బతుకంతా కూర్చిన చిత్రం. రేపు ఆయన పదవీ విరమణ. అధిపతుల సొంత పెట్టెలు మడిపెట్టెలు. కొలువులో ఉన్నంతకాలం ఎవరూ వాటి ముద్ర తీయకూడదు, అందులోంచి ఒక్క చట్రం కూడా చెరపకూడదు, ఆఖరికి ఆయన కూడా. చిత్రం కుదించే రోజున, ఆ ఒక్కరోజు మాత్రం, ఒక కుదింపరి వేలికి అవి తెరుచుకుంటాయి. అధిపతి చిత్రానికి జాబితా కూడా కూర్పరులు పంపరు, ఆయన రాసిచ్చిందే.

ఆ ఒక్కరోజు కోసమే కుళ్ళాయమ్మ పంతొమ్మిదేళ్ళుగా తప్పు చేయకుండా బతికింది. తప్పు చేయని చేతికే అధిపతి పెట్టెలు ఇస్తారని చేరిన మొదటి వారంలోనే కనుక్కుంది. తోటివాళ్ళు ఆమెను మెత్తని మనిషి అనుకున్నారు, పై అధికారులు నోట్లో నాలుక లేని మనిషి అనుకున్నారు. ఆమె కడుపులో ఏం ఉడుకుతోందో ఎవరూ అడగలేదు.

ఇరవై ఒక్కేళ్ళ కింద ఇదే నాలుగో అంతస్తులో ఒక పెట్టెల వరస అంటుకుంది. లోపల ఏడుగురు పనివాళ్ళు ఉండగానే ఎవరో ఆర్పుగాలి వదిలారు. ఆర్పుగాలి మంటనూ ఆర్పుతుంది, మనిషి ఊపిరినీ ఆర్పుతుంది. పెట్టెలన్నీ దక్కాయి, మనుషులు ఒక్కరూ దక్కలేదు. తలుపు బయట ఉన్న మీట మీద చివరి చేతిగుర్తు ఓబులేసుదని విచారణలో తేలింది. కంగారులో మీట లాగి, తర్వాత లోపలివాళ్ళు గుర్తొచ్చి తలుపు తీసి, గడపలోనే పడి చనిపోయాడని రాశారు. తలుపు మీది కెమెరా ఫైలు ఏదని అడిగితే, అప్పుడు అంతస్తు అధికారిగా ఉన్న శేషఫణి తల దించుకుని చెప్పాడు. ఒకే పేరుతో రెండు 'గడప'లు ఉన్నాయనీ, కుదింపులో ఒకటి ఇంకోదాని మీద కూర్చుందనీ, పోయిందనీ. విచారణలో ఉన్నవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ తప్పు చేసినవాళ్ళే. అయ్యో అని నమ్మేశారు. భలే పువ్వు పెట్టాడు చెవిలో.

ఓబులేసు కుళ్ళాయమ్మ అన్న. ఆరుగుర్ని చంపినవాడిగా ఊరి నోట్లో మిగిలిపోయాడు. పోయిందన్న ఫైలు శేషఫణి సొంత పెట్టెల్లోనే ఉంటుందని కుళ్ళాయమ్మ ఒక్కతే అనుమానించింది. పెళ్ళయి ఇంటిపేరు మారడం వల్ల కుళ్ళాయమ్మకు కలిగిన ఒకే ఒక్క లాభం ఏమిటంటే, రెండేళ్ళ తర్వాత, శేషఫణి అధిపతి అయ్యాక, ఆమె ఈ కొలువులో చేరుతుంటే ఆమె ఎవరి చెల్లెలో ఎవరికీ తట్టలేదు.

ముప్ఫై మూడో 'గడప' మొదటి చట్రం ఖాళీ నడవ. చివరి చట్రమూ ఖాళీ నడవే. తేదీ చూసింది. అన్న పోయిన రోజు. జాబితాలో ఈ ఫైలుకు మూడు సెకన్ల పని ఉంది. 'ఆపదలో అధికారి' అన్న ఘట్టంలో షాటు.

ఆమె పద్ధతి తప్పి, ఫైలును మొదటి నుంచి ఆడించింది.

శబ్దం లేదు. గడప కెమెరాలకు చెవులుండవు. శేషఫణి పరిగెత్తుకుంటూ వచ్చాడు, జుట్టు నల్లగా ఉంది. తలుపు అద్దంలోంచి లోపలికి చూశాడు. పెదవులు కదిలాయి, ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టాడు. లోపల గోనెపట్టాలతో మంటను కొడుతున్నవాళ్ళలోంచి ఓబులేసు అద్దం దగ్గరికి వచ్చి రెండు వేళ్ళు చూపించాడు. రెండు నిమిషాలు ఆగమని. శేషఫణి తల ఊపాడు. సరేనని తల ఊపి, తలుపుకు గొళ్ళెం పెట్టి, మీట దగ్గరికి నడిచాడు. అక్కడ మంట వెలుగు ఆయన ముఖం మీద పడింది. దవడ బిగించి, కళ్ళు నిలిపి, మీట మీద చెయ్యి వేసి మూడు సెకన్లు నిలబడ్డాడు. నిజంగానే బాగున్నాడు. ఆ మూడు సెకన్లే చిత్రంలో ఉన్నాయి. తర్వాత మీట లాగాడు.

ఓబులేసు అరచెయ్యి అద్దం మీద కనబడింది. అది కొట్టింది, కొట్టింది, తర్వాత తడిమింది, తర్వాత జారింది. శేషఫణి చూస్తూ నిలబడి మధ్యలో ఒకసారి కళ్ళజోడు తుడుచుకున్నాడు. అంతా అయ్యాక ముక్కుకు గుడ్డ కట్టుకుని గొళ్ళెం తీసి, ఓబులేసును చంకల కింద పట్టుకుని బయటికి ఈడ్చాడు. ఆ చేతిని ఎత్తి మీట మీద ఒత్తాడు. మీటకు ఒక్క చేతిగుర్తే గుర్తుంటుంది. రెండోది వెళ్ళి మొదటిదాని మీద కూర్చుంది. తర్వాత శవాన్ని గడపలోకి మళ్ళీ తోసి వెళ్ళిపోయాడు.

మొత్తం పదకొండు నిమిషాలు.

కుళ్ళాయమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడు దీన్ని ఎందుకు దాచుకున్నాడో ఆమెకు వెంటనే అర్థమైంది. ఆ మూడు సెకన్ల అందం వదులుకోలేకపోయాడు. మడిపెట్టెలో పడ్డాక ఇక చెరపడానికీ లేదు. చెరిపే దారి ఒక్కటే. చిత్రంలో మూడు సెకన్లు వాడుకుంటే, రెండేసి సెకన్ల కొంగులు పోను మిగతాది కుదింపరి చేతి మీదుగా, చట్టప్రకారం బుగ్గి అవుతుంది. అంటే ఓబులేసు చావును ఓబులేసు చెల్లెలే కాల్చి పెట్టాలి. ఫిర్యాదు చేయవచ్చు. శిలాగారంలో ఫిర్యాదులు చూసేది అధిపతి. ఫైలును ఎత్తి దాచుకుందామంటే లోకంలో ఒక్కటే ప్రతి, రెండోది పుట్టనే పుట్టదు.

మధ్యాహ్నం భోజనాల ముందు శేషఫణి స్వయంగా కిందికి వచ్చాడు. తెల్లజుట్టు, పట్టు అంచు ఉత్తరీయం. కుదింపరులందరూ లేచి నిలబడ్డారు. ఆయన ప్రతి బల్ల దగ్గరా ఆగి పేరు పెట్టి పలకరించి, చివరికి కుళ్ళాయమ్మ దగ్గరికి వచ్చాడు.

"నా చిత్రం మీ చేతిలో పడిందని విని నిశ్చింతగా ఉన్నానమ్మా. కొంగులు రెండు సెకన్లు చాలు. అధిపతి కదా అని ఎక్కువ చోటు వాడారన్న మాట రాకూడదు."

"చట్టం ఎంత ఒప్పుకుంటే అంత పెడతా సార్."

ఆయన సంతోషించాడు. ఏ ఊరమ్మా అని అడిగితే ఈ పక్కనే, ఏటి అవతల అని చెప్పింది. ఆ ఊళ్ళో మామిడిపండ్లు బాగుంటాయని ఆయన గుర్తుచేసుకున్నాడు. ఇంకేమీ గుర్తుచేసుకోలేదు. ఆ ఊరి మనిషి చేతిని ఎత్తి మీట మీద ఒత్తిన మనిషికి మామిడిపండ్లు గుర్తున్నాయి.

ఆయన వెళ్ళాక ఆమె ఆ షాటు కొంగుల గళ్ళు తెరిచింది. ముందు కొంగు దగ్గర రెండు చెరిపి, షాటుకు ముందున్నదంతా అని పెట్టింది. వెనక కొంగు దగ్గర, తర్వాత ఉన్నదంతా. యంత్రం ఒక్క క్షణం ఆగి లెక్క చెప్పింది. నాలుగు మానికలు చాలవు. సోలెడు చోటు తక్కువ.

చిత్రంలోంచి వేరే ముక్క తీసేయడానికి కుదింపరికి హక్కు లేదు. మిగతా కొంగులన్నీ ఇప్పటికే రెండేసి సెకన్లే. ఒక్క దారి ఉంది. ఎప్పుడో చిటికెడు చోటు తక్కువై పని ఆగిపోయినప్పుడు కుదింపరులు తమ సొంత సోలలోంచి ఇవ్వవచ్చని ఒక నియమం ఉంది. ప్రతి పనివాడికీ శిలాగారం ఇచ్చేది ఒక్క సోల, జన్మకంతటికీ. దాంట్లో ఏం పెట్టుకుంటావో నీ ఇష్టం. బిడ్డ మొదటి అడుగులు పెట్టుకున్నవాళ్ళున్నారు, చచ్చిపోయిన ఎద్దును పెట్టుకున్నవాడూ ఉన్నాడు. చిటికెడు ఇచ్చినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఉన్నారేమో. సోల మొత్తం ఇచ్చినవాళ్ళు లేరు.

కుళ్ళాయమ్మ సోలలో అన్న పెళ్ళి ఉంది. తీసింది ఆమే, అప్పటికి ఇరవై ఏళ్ళది. కొంగుముడి వేసి ఏడడుగులు నడిపిస్తుంటే ఓబులేసు తొందరపడి పెద్ద అంగ వేశాడు. ముడి ఊడిపోయింది. పందిరంతా గొల్లుమంది. పెళ్ళికూతురు మస్తానమ్మ సిగ్గుతో చచ్చిపోతుంటే, ఓబులేసు వంగి ఆమె కొంగు నేల మీంచి తీసుకుని, కెమెరా వైపు తిరిగి పగలబడి నవ్వాడు. అతను నవ్విన దృశ్యం లోకంలో ఇంకెక్కడా లేదు. మస్తానమ్మ ఇప్పుడు పైన మెస్సులో సంగటి కెలుకుతుంది. ఏటా మాఘంలో పెళ్ళినాడు కిందికి దిగి, ఆడబిడ్డ పక్కన కూర్చుని, ఆ నవ్వు చూసి, మెట్లెక్కి పోతుంది. ఆ ఒక్క రోజు తప్ప ఆమె కిందికి రాదు. జనం చిత్రాలు చూస్తూ, కావాలంటే షాటు కొంగును చేత్తో లాగి చూసుకునే చూపుశాలలోకైతే ఇరవై ఒక్కేళ్ళలో అడుగే పెట్టలేదు. పెడితే, ఆరుగుర్ని చంపినోడి పెళ్ళాం అని ఎవరో ఒకరు గొణుగుతారు.

వదినను అడగాలి. అది న్యాయం. మెస్సు రెండు వందల మెట్ల పైన ఉంది, ఎక్కితే నాలుగు నిమిషాలు. కుళ్ళాయమ్మ లేవలేదు. అడిగితే వద్దంటుందని భయం. వద్దంటే తను ఆగిపోతుందేమోనని ఇంకా పెద్ద భయం. ఆమెకు ఆ క్షణంలో అన్న నవ్వు కంటే శేషఫణి పతనమే ఎక్కువ కావాలి. అది మంచిదని ఆమె తనకు తాను చెప్పుకోలేదు. కావాలి, అంతే.

ఆఖరిసారి ఆ పెళ్ళి చూసుకోలేదు. చూస్తే చెయ్యి ఆడదని తెలుసు.

కొంగుకు కారణం రాయమని యంత్రం అడిగింది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె ఆ గడిలో 'కూర్పు అవసరం' అనే రాసింది. ఇవాళ ఇలా రాసింది: 'లోపల మా అన్న తలుపు కొడుతున్నాడు.'

మీ సోల బుగ్గి అవుతుంది, సమ్మతమా అని అడిగింది. వేలు పెట్టింది. పన్నెండు మడిపెట్టెల దీపాలూ, వాటి పక్కన ఆమె చిన్న దీపమూ ఒకటొకటిగా ఆరిపోయాయి. ఒక్క కొత్త పెట్టె మీద పచ్చదీపం వెలిగింది.

మూడింటికి సమ్మతి గదిలో శేషఫణి తన చిత్రం చూసుకున్నాడు. అరవై నాలుగు నిమిషాలు. కోనసీమలో పుట్టిన ఇల్లు, తల్లి, మొదటి కొలువు, సన్మానాలు, మీట దగ్గర ఆ మూడు సెకన్లు. చివర్లో కళ్ళు తుడుచుకున్నాడు. ఆచారం ప్రకారం కుదింపరి గోడ పక్కన నిలబడింది. ఆయన ముందు రెండు పలకలు ఉన్నాయి, ఒకటి సమ్మతం, ఒకటి బుగ్గి. సమ్మతం అంటే చిత్రం ఆ క్షణమే చూపుశాలకు పోతుంది, ఇక ఎవరూ తాకలేరు. బుగ్గి అంటే చిత్రం మొత్తం పోతుంది. ఒక ముక్క ఉంచి ఒక ముక్క తీసేయడం లేదు. అధికారులు తమ తప్పుల్ని తర్వాత కోసేసుకుంటారని అలా పెట్టారు. ఆ వాక్యం రాసిందే శేషఫణి.

పలక మీద చెయ్యి పెట్టబోతూ ఆయన ముక్కల పట్టీ వైపు చూశాడు. అలవాటుగా చూశాడు. అన్ని కొంగులూ రెండు, రెండు, రెండు. ఒక్కటి మాత్రం పొడుగ్గా ఉంది. ఆయన దాని పక్కన రాసిన కారణం చదివాడు. రెండోసారి చదివాడు.

"ఏమిటమ్మా ఇది?"

"కొంగు సార్. చట్టం ఒప్పుకున్నంత."

ఆయన చాలాసేపు ఆమె ముఖం చూశాడు. ఏటి అవతల ఊరు అప్పటికి గుర్తొచ్చింది. మళ్ళీ కుదించమన్నాడు. పచ్చి సరుకు బుగ్గైపోయిందని చెప్పింది. ఆ అంతస్తులో తొంభై వేల మంది పాత బతుకులున్నాయనీ, తను లాగకపోతే అవన్నీ కాలిపోయేవనీ ఆయన అన్నాడు. నిజమే. ఏడుగురు తప్ప అందరూ దక్కారు. తల ఎందుకు ఊపావని ఆమె అడిగింది. ఏం కావాలో అడగమన్నాడు. ఆమె నవ్వింది, పంతొమ్మిదేళ్ళలో శిలాగారంలో ఎవరూ చూడని నవ్వు.

అప్పుడాయన గొంతు మారింది. "నేను బుగ్గి మీద చెయ్యి పెడితే మీ అన్న కూడా పోతాడు. అది ఆలోచించావా?"

"పోతాడు సార్. మీరూ పోతారు. ఒక్క మంటలోనే పోండి ఇద్దరూ."

ఆయన చెయ్యి రెండు పలకల మధ్య ఆగింది. కుళ్ళాయమ్మ తొందరపడలేదు. ఆమెకు ఈ మనిషి బాగా తెలుసు, పదకొండు నిమిషాల్లో తెలిసిపోయాడు. తనను ఉరితీయగల ఫైలును మూడు సెకన్ల ముఖం కోసం ఇరవై ఒక్కేళ్ళు కడుపులో దాచుకున్నవాడు, అరవై నాలుగు నిమిషాల ముఖాన్ని కాల్చుకోలేడు. పుట్టిన ఇల్లు ఉంది అందులో. తల్లి ఉంది. అవి పోతే శేషఫణి అనేవాడు ఎప్పుడూ లేడు. కొంగు ఎవరు లాగి చూస్తారులే అని కూడా అనుకుని ఉంటాడు. జనానికి అంత తీరిక ఏదీ అని.

ఆయన సమ్మతం మీద చెయ్యి పెట్టాడు.

కుళ్ళాయమ్మ గదిలోంచి నేరుగా మెస్సుకు వెళ్ళింది. మస్తానమ్మ రాగిపిండి చేతులతో తిరిగి చూసింది. ఏమయిందని అడిగితే, చూపుశాలకు రమ్మంది. నేను రాను అంది మస్తానమ్మ. కుళ్ళాయమ్మ ఆమె మణికట్టు పట్టుకుని నడవలోకి తెచ్చి, జరిగిందంతా అక్కడే చెప్పింది. రెండు వేళ్ళ సంగతి చెప్పింది, తల ఊపిన సంగతి చెప్పింది, చేతిని ఎత్తి ఒత్తిన సంగతి చెప్పింది. మస్తానమ్మ ఏడవలేదు. గోడకు ఆనుకుని నిలబడి అంతా విన్నది.

"ఇంకొకటి ఉండాది వదినా. మీ పెండ్లిది లేదు. చోటు చాలక నేనే బుగ్గి చేసినా."

మస్తానమ్మ గోడ వదిలి నిటారుగా నిలబడింది. "నన్ను అడగాల గదమ్మీ" అంది.

"అడిగితే వద్దంటావని అడగలేదు."

"వద్దనే అందును." ఆమె గొంతులో కోపం లేదు, అదే కుళ్ళాయమ్మకు ఎక్కువ గుచ్చుకుంది. "ఆ నగువు ఒగటే గదే నాకుండింది."

క్షమించమని అడిగే ముఖం కుళ్ళాయమ్మకు లేదు. తను శేషఫణికి చేసిందాంట్లో సగం వదినకు కూడా చేసింది. మణికట్టు వదిలేసింది. మస్తానమ్మ ఆమె కోసం ఆగకుండా చూపుశాల వైపు నడిచింది. కుళ్ళాయమ్మ వెనకే వెళ్ళింది.

లోపల అధిపతి కొత్త చిత్రం చూడటానికి ఎనభై మంది దాకా చేరారు. గోడంత తెర మీద శేషఫణి మీట దగ్గర దవడ బిగించి నిలబడ్డాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. మస్తానమ్మ జనాన్ని తోసుకుంటూ తెర ముందుకు వెళ్ళింది. ఆరుగుర్ని చంపినోడి పెళ్ళాం అని వెనక ఎవరో గొణిగారు. ఆమె పిండి చేతులు తన కొంగుకు తుడుచుకుని, షాటు అంచు మీద అరచెయ్యి వేసి వెనక్కి లాగింది.

మామూలుగా రెండు సెకన్లు లాగితే అంచు తగిలి ఆగుతుంది. ఇది ఆగలేదు. నడవ, పరుగు, ఒకటి నుంచి ఏడు దాకా లెక్క. అద్దం వెనక ఓబులేసు వచ్చి రెండు వేళ్ళు చూపించాడు. చప్పట్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పైనుంచి కాపలావాళ్ళు ఇద్దరు పరిగెత్తుకొచ్చి, ఆమె పక్కన నిలబడి, ఏం చేయాలో తెలియక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చూపుశాలలో కొంగు పట్టుకున్న చేతిని తీయించే హక్కు ఎవరికీ లేదు. ఆ వాక్యమూ శేషఫణి రాసిందే.

"ఎంతుందే ఇది?" అని అడిగింది మస్తానమ్మ వెనక్కి తిరగకుండా.

"పదకొండు నిమిషాలు వదినా."

మస్తానమ్మ సరేనన్నట్టు తల ఊపింది. ఈసారి అంచును ముందుకు తోసి, మీట దాటించి, అద్దం మీద అరచెయ్యి కనబడే చోటికి వచ్చింది. తన చెయ్యి ఆ చేతి మీద ఆనించి నిలబడింది. చివరి దాకా తీయలేదు.